గడ్డను కొలిస్తే నొప్పిని కొలిచినట్టు కాదు

పాఠకుల ప్రశ్నలు – నిపుణుల జవాబులు

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయాల మీదో, పొత్తికడుపు లోపలి గోడల మీదో, పేగుల మీదో పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఈ జబ్బు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీని నొప్పి మీద జరుగుతున్న జంతు ప్రయోగాల గురించి పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బిడ్డకు 22 ఏళ్లు. నెలసరి వస్తే మూడు రోజులు మంచం దిగదు. హైదరాబాద్‌లో లాప్రోస్కోపీ (పొట్టలోకి సన్నని కెమెరా పంపి చూసే పరీక్ష) చేసి, చిన్న చిన్న మచ్చలే ఉన్నాయన్నారు. అంత చిన్నవాటికి ఇంత నొప్పేమిటని ఇంట్లో అందరూ అంటున్నారు. ఎలుకలకు ఈ జబ్బు తెప్పించి పరిశోధన చేస్తున్నారని చదివాను. ఎలుక కడుపునొప్పి చూసి మా బిడ్డ నొప్పి గురించి ఏం చెప్పగలరు?
— ఒక తల్లి, దేవరకొండ

జవాబు: అమ్మా, మీ బిడ్డ నొప్పి నిజమైనదే. ఈ జబ్బును నాలుగు దశలుగా విభజించే పద్ధతిలో మచ్చలు ఎన్ని ఉన్నాయి, ఎంత లోతుకు వెళ్లాయి, అవయవాలు ఎక్కడ అతుక్కున్నాయి అన్నవే లెక్కిస్తారు. నొప్పికి అందులో మార్కులు లేవు. నాలుగో దశలో ఉండి కూడా పెద్దగా బాధ తెలియనివారు ఉంటారు. మొదటి దశలోనే కాలేజీ మానేయాల్సి వచ్చినవారూ ఉంటారు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియడానికి ఎలుకలు చాలా సాయం చేశాయి. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో కరెన్ బర్క్‌లీ బృందం ఎలుక గర్భసంచి ముక్కలను దాని పేగులకు రక్తం తెచ్చే ధమనుల దగ్గరే కుట్టింది. కొన్ని వారాలకు ఆ ముక్కలు నీటి తిత్తుల్లా పెరిగాయి. వాటిలోకి రక్తనాళాలే కాదు, కొత్త నరాల పోగులు కూడా మొలిచాయని 2004లో ఆ బృందం చూపించింది. స్త్రీలలోని మచ్చల్లో కూడా నరాల పోగులు ఉన్నాయి. అంటే మచ్చ చిన్నదైనా దానికి వెన్నుపాముతో సొంత లైను పడిందన్నమాట. ఆ లైనులో నెలల తరబడి సంకేతాలు వెళ్తూ ఉంటే వెన్నుపాములోని నరకణాలు మరీ సున్నితమై, మామూలు స్పర్శను కూడా నొప్పిగా పంపడం మొదలుపెడతాయి. గర్భసంచి, మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, నడుము వీటన్నిటి నరాలు వెన్నుపాములో పక్కపక్కనే చేరతాయి. మచ్చ ఒకచోట ఉంటే మూత్రానికి వెళ్లినప్పుడు, విరేచనమప్పుడు, నడుములో, తొడల్లో నొప్పి రావడానికి కారణం ఇదే.

మరో సంగతి. ఆ ఎలుకల యోనిలో చిన్న బెలూన్ ఉబ్బించి, ఎంత ఒత్తిడికి అవి తప్పించుకోవాలని చూస్తాయో కొలిచారు. తిత్తులు పేగుల దగ్గర ఉన్నా, నొప్పి యోనిలో పెరిగింది. అదీ ఎస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ ఎక్కువగా ఉండే దశలో మరీ ఎక్కువైంది. నెలసరితో పాటు మీ బిడ్డ నొప్పి పెరిగి తగ్గడంలో హార్మోన్ల పాత్ర ఉందని చెప్పే ఆధారాల్లో ఇది ఒకటి.

ఇప్పుడు చేయాల్సిన పని: రెండు మూడు నెలసరుల పాటు రోజూ నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కు వేసి రాయించండి. మూత్రం, విరేచనం సమయంలో నొప్పి ఉంటే విడిగా రాయాలి. పొట్టపై నుంచి చేసే మామూలు స్కానింగ్‌లో చిన్న మచ్చలు తరచూ కనపడవు. కాబట్టి స్కాన్ బాగుందంటే జబ్బు లేదని కాదు. డైనోజెస్ట్ అనే హార్మోన్ మందు 2 మిల్లీగ్రాముల మాత్ర రోజూ ఒకటి వాడటం ఇప్పుడు సాధారణ చికిత్స. అది డాక్టర్ చూసి రాయాలి. మొదటి నెలల్లో అప్పుడప్పుడు మరక కనపడటం మామూలే, దానికి భయపడి మధ్యలో ఆపొద్దు. పెళ్లి చేస్తే తగ్గుతుందని ఎవరైనా చెబితే వినకండి. అది వైద్యం కాదు.

ప్రశ్న: ఎలుకలకు నెలసరి రాదని మేం పిల్లలకు పాఠం చెబుతాం. నెలసరి రాని జంతువుకు నెలసరి జబ్బు ఎలా తెప్పిస్తారు?
— జంతుశాస్త్ర అధ్యాపకుడు, వనపర్తి

జవాబు: పాఠంలో తప్పేమీ లేదు. ఎలుకకు (ర్యాట్), చిట్టెలుకకు (మౌస్) నాలుగైదు రోజుల ఎద చక్రం ఉంటుంది. లోపలి పొర ఊడి రక్తస్రావం కావడం ఉండదు. నెలసరి రక్తంలో కొంత ఫలోపియన్ నాళాల గుండా వెనక్కి పోయి పొత్తికడుపులో పడటం వల్ల ఈ జబ్బు వస్తుందని జాన్ శాంప్సన్ అనే వైద్యుడు 1927లో ప్రతిపాదించారు. ఎలుకలో ఆ దారి లేదు కాబట్టి కణజాలాన్ని మనమే తెచ్చి లోపల పెట్టాలి. దీనికి మూడు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి.

మొదటిది శస్త్రచికిత్స. 1985లో వెర్నన్, విల్సన్ అనే పరిశోధకులు ఎలుకలో చేసి చూపించారు. 200 గ్రాముల పైబడిన ఆడ ఎలుకకు మత్తు ఇచ్చి, పొట్ట మధ్యలో కోసి, ఎడమ గర్భాశయ కొమ్ము (ఎలుక గర్భసంచి రెండు కొమ్ములుగా ఉంటుంది) నుంచి సుమారు ఒక సెంటీమీటరు ముక్క తీసి, గోరువెచ్చని సెలైన్‌లో వేస్తారు. దాన్నుంచి 2 మిల్లీమీటర్ల ముక్కలు నాలుగు కోసి, చిన్నపేగు చివర, సీకం (పెద్దపేగు మొదలు) దగ్గర మొదలుపెట్టి, ఒకటి విడిచి ఒక ధమని పక్కన 4-0 నైలాన్ దారంతో కుడతారు. తన ముక్కే తనకు కాబట్టి శరీరం తిరస్కరించదు. అందుకే విస్టార్ వంటి మిశ్రమ జాతి ఎలుకలోనూ ఇది పనిచేస్తుంది. మన కాలేజీల్లో ఎక్కువగా దొరికేవి అవే. పోల్చడానికి వేరే ఎలుకల్లో గర్భసంచి చుట్టూ ఉండే కొవ్వు ముక్కలను అంతే సంఖ్యలో, అవే చోట్ల కుట్టాలి. ఉట్టి కోత కోసి మూసేస్తే సరిపోదు. దారం, పరాయి చోట పడ్డ కణజాలం కూడా వాపు తెస్తాయి.

రెండోది కోత లేని పద్ధతి. చిట్టెలుక గర్భసంచిని సన్నగా తరిగి, సెలైన్‌లో కలిపి, మరో చిట్టెలుక పొట్టలోకి సూదితో ఎక్కిస్తారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకే శుద్ధజాతి అయి ఉండాలి. కాకపోతే రోగనిరోధక శక్తి ఆ ముక్కలను తినేస్తుంది. ముక్క పెద్దదైతే సూదిలో ఇరుక్కుంటుంది, మరీ మెత్తగా నూరితే కణాలు చచ్చిపోతాయి. ముక్కలు లోపల ఎక్కడ పడి అతుక్కుంటాయో చెప్పలేం కనుక, తర్వాత వెతకడం ఓపికతో కూడిన పని. మెరిసే ప్రోటీన్ ఉన్న దాత ఎలుకలను వాడితే ఆ వెతుకులాట సులువవుతుంది. కోత గాయం ఉండదు కాబట్టి నొప్పి పరీక్షలకు ఈ పద్ధతే మేలని మా అభిప్రాయం.

మూడోది ఎడిన్‌బరో బృందం 2014లో వివరించిన పద్ధతి. ఇది నెలసరికి అన్నిటికంటే దగ్గర. దాత చిట్టెలుక అండాశయాలు తీసేసి, ఎస్ట్రడయాల్ (ఒక రకం ఎస్ట్రోజన్), ఆపై ప్రొజెస్టరాన్ హార్మోన్ ఇచ్చి, గర్భసంచిలో చుక్క నూనె వేస్తే లోపలి పొర గర్భానికి సిద్ధమైనట్టు మందంగా మారుతుంది. అప్పుడు ప్రొజెస్టరాన్ ఆపేస్తే కొన్ని గంటల్లో పొర ఊడటం మొదలవుతుంది. ఆ ఊడే కణజాలాన్నే సుమారు 40 మిల్లీగ్రాములు తీసి మరో చిట్టెలుక పొట్టలోకి ఎక్కిస్తారు. మూడు వారాలకు మచ్చలు తయారవుతాయి. ఇందులో హార్మోన్ల టైమ్ టేబుల్ ఒక పూట తప్పినా పొర ఊడదు, మొత్తం బ్యాచ్ పోతుంది.

స్త్రీల కణజాలాన్నే రోమాలు లేని, టీ కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) లేని చిట్టెలుకల్లో పెంచే పద్ధతి కూడా ఉంది. నొప్పి పరిశోధనకు మాత్రం దాన్ని మేం సిఫారసు చేయం. ఈ నొప్పిలో రోగనిరోధక కణాల పాత్ర పెద్దది, ఆ జంతువులో సగం వ్యవస్థే లేదు. బబూన్లు, రీసస్ కోతులకు నెలసరి వస్తుంది, ఈ జబ్బు సహజంగానూ వస్తుంది. కానీ ఖర్చు, కాలం, నైతికత మూడూ అడ్డమే. మీ పిల్లలకు చెప్పదగ్గ విశేషం ఒకటి: కైరో ముళ్ల చిట్టెలుకకు సహజంగా నెలసరి వస్తుందని 2017లో బయటపడింది. దాని చక్రం సుమారు 9 రోజులు.

ప్రశ్న: మా ఆవుకు ఎద తర్వాత రక్తం కనపడుతుంది. కుక్కకూ కారుతుంది. మరి వాటి మీద చేయొచ్చు గదా?
— పాడి రైతు, మక్తల్

జవాబు: ఆ రెండూ నెలసరి కాదు. కుక్కకు రక్తం ఎదకు ముందు వస్తుంది. గర్భసంచి పొర ఊడిపోవడం కాదు, పెరుగుతున్న పొరలోంచి రక్తం చెమ్మగిల్లడం. ఆవుకు ఎద ముగిశాక ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎస్ట్రోజన్ తగ్గడంతో సన్నని రక్తనాళాలు చిట్లి కాస్త రక్తం వస్తుంది. మీకు పనికొచ్చే మాట: ఆ రక్తం చూశాక ఎదసూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే ఆలస్యమైపోయినట్టే. ఆ తేదీ రాసుకుని, అక్కడి నుంచి 18 నుంచి 20 రోజులకు మళ్లీ ఎద లక్షణాలు, తీగలు గమనించండి. గొర్రెకు 17 రోజుల చక్రం ఉన్నా రక్తం రాదు.

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు ఎలుకల్లో శస్త్రచికిత్స పద్ధతి ఎంచుకున్నాను. గడ్డ పరిమాణం తగ్గితే చాలు, నొప్పి తగ్గిందని రాయొచ్చని కొందరు చెబుతున్నారు. వాన్ ఫ్రే తంతువులతో ప్రయత్నిస్తే ఒకే ఎలుకకు పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె వస్తోంది. ఏం చేయాలి?
— విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. గడ్డ (కుట్టిన ముక్క పెరిగి తయారైన తిత్తి) పరిమాణం కొలిచి నొప్పి తగ్గిందని రాయకండి. అది తప్పు నిర్ధారణ. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 0.52తో హెచ్చిస్తే గడ్డ ఘనపరిమాణం వస్తుంది. దాన్ని ఒక ఫలితంగా రాయండి. నొప్పిని వేరే ఫలితంగా కొలవండి. ఆ తర్వాత రెండింటికీ సంబంధం ఉందో లేదో గ్రాఫ్ గీయండి. చాలాసార్లు ఉండదు. ఉండకపోవడమే ఈ జబ్బులో అసలు విషయం.

వాన్ ఫ్రే తంతువులంటే ఒక్కొక్కటి ఒక్కో నిర్ణీత బరువుకు వంగే నైలాన్ పోగులు. ఎలుక పాదానికి సాధారణంగా 0.4 గ్రాముల నుంచి 15 గ్రాముల వరకు ఎనిమిది వాడతారు. ఎలుకను జాలీ మీద, ఒక్కోదాన్ని ఒక్కో పారదర్శక గదిలో పెట్టాలి. పరీక్షకు ముందు కనీసం మూడు రోజులు, రోజూ గంట చొప్పున ఊరికే కూర్చోబెట్టాలి. ఎలుక అటూ ఇటూ వాసన చూడటం మానేసి నాలుగు కాళ్ల మీద స్థిరంగా నిలబడినప్పుడే మొదలుపెట్టండి. పోగును నిటారుగా ఆనించి, విల్లులా వంగేదాకా నొక్కి, ఐదారు సెకన్లు ఉంచండి. చటుక్కున కాలు తీయడం, విదిలించడం, నాకడం స్పందన. నడుస్తూ కాలెత్తితే స్పందన కాదు, కాసేపాగి మళ్లీ చేయాలి.

2 గ్రాముల పోగుతో మొదలుపెట్టండి. స్పందన లేకపోతే తర్వాతి బరువు, ఉంటే ముందటి బరువు. మొదటిసారి స్పందన మారిన చోటు నుంచి ఇంకో నాలుగు కొలతలు తీసుకుంటే, ఆ వరుస నుంచి సగం సార్లు స్పందించే బరువును లెక్కగట్టవచ్చు. ఇది 1994 నుంచి వాడుకలో ఉన్న చాప్లాన్ పద్ధతి. పొట్ట మీద అయితే ముందు రోజే బొచ్చు తీసేసి, ఒక్కో పోగుతో పదిసార్లు తాకి, ఎన్నిసార్లు పొట్ట లోపలికి లాక్కుందో శాతంలో రాయడం సులువు. ఒకే చోట వెంటవెంటనే తాకొద్దు. అలా తాకితే మీరే ఆ చోటును సున్నితం చేసినట్టవుతుంది. జననాంగం దగ్గరికి వెళ్లొద్దు.

అంకెలు మారడానికి కారణాలు ఇవి కావచ్చు. నైలాన్ తేమను పీల్చుకుంటుంది. ఏప్రిల్‌లో మన ఎండకు గట్టిబడిన పోగు జులై వానలకు మెత్తబడుతుంది, వంగే బరువు మారుతుంది. వారానికోసారి ప్రతి పోగునూ సున్నితమైన త్రాసు మీద నొక్కి చూసి, వచ్చిన అంకె రాసుకోండి. గది తేమ కూడా రాయండి. పొద్దున, సాయంత్రం ఎలుక చురుకుదనం వేరు కాబట్టి రోజూ ఒకే గంటలో, ఒకే మనిషి పరీక్షించాలి. మగవాళ్ల వాసనకే ఎలుకల్లో ఒత్తిడి పుట్టి నొప్పి స్పందన తగ్గుతుందని మెక్‌గిల్ యూనివర్సిటీ బృందం 2014లో చూపించింది. పరీక్ష మధ్యలో ఒకరి బదులు ఇంకొకరు కూర్చుంటే సమూహాల మధ్య తేడా చెడిపోతుంది. ఏ ఎలుకకు ఏ మందు ఇచ్చారో కొలిచేవారికి తెలియకూడదు. బోను చీటీల మీద అంకెలే ఉండాలి, జాబితా ఇంకొకరి దగ్గర ఉండాలి.

శస్త్రచికిత్సకు ముందే మూడు వేర్వేరు రోజుల కొలతలు తీసి సగటు రాసుకోండి. కోత గాయమే మొదటి రెండు వారాలు పొట్టను నొప్పిస్తుంది, ఆ రోజుల అంకెలను జబ్బు ఖాతాలో వేయొద్దు. గడ్డలు నాలుగు వారాలకు కనిపించే స్థాయికి వస్తాయి, ఎనిమిది వారాలకు ముదురుతాయి. కొన్ని ముక్కలు అసలు పెరగవు. నాలుగింటిలో ఎన్ని పెరిగితే ఆ ఎలుకను లెక్కలోకి తీసుకుంటారో ముందే రాసి పెట్టుకోండి. ఫలితాలు చూశాక నిర్ణయిస్తే ఎవరూ నమ్మరు.

మందు ఇచ్చాక స్పందన తగ్గితే వెంటనే సంబరపడొద్దు. నిద్రమత్తు తెచ్చే మందుకు కూడా ఎలుక కాలు తీయదు. అందుకే తిరిగే కడ్డీ మీద నిలబడే పరీక్ష, లేదా ఖాళీ పెట్టెలో ఎంత దూరం నడిచిందో చూసే పరీక్ష జోడించాలి.

తాకి రేపే నొప్పి ఒక్కటే చాలదు. స్త్రీలు చెప్పే నొప్పి ఎవరూ తాకకుండా వచ్చేది. దానికి చవకైన పరీక్ష తవ్వకం. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నాలుగు అంగుళాల పీవీసీ పైపు 32 సెంటీమీటర్లు కోసి, ఒక చివర మూసి, తెరిచిన చివరను 6 సెంటీమీటర్లు ఎత్తులో నిలిపి, కడిగి ఆరబెట్టిన సన్నకంకర రెండున్నర కిలోలు నింపండి. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఆ కంకరను బయటికి తోడేస్తుంది. నొప్పితో ఉన్నది తక్కువ తోడుతుంది. బయటపడ్డ కంకర తూకం వేస్తే సరి. మొదటి రోజుల్లో తోడని ఎలుకను బాగా తోడే ఎలుకతో జత కలిపితే నేర్చుకుంటుంది. ఆపరేషన్‌కు ముందు కూడా తోడనివాటిని ఈ పరీక్షలోకి తీసుకోవద్దు. ముఖకవళికల పట్టిక కూడా ఉంది. ఎలుకకు కళ్లు ముడుచుకోవడం, ముక్కు–బుగ్గ చదును కావడం, చెవులు, మీసాలు చూసి 0, 1, 2 మార్కులు వేస్తారు. అది ఆపరేషన్ తర్వాతి తాజా నొప్పికి బాగా పనికొస్తుంది. రెండు నెలల పాత నొప్పికి అంత పనికిరాదు. కునుకు తీసే ఎలుకకు కూడా కళ్లు మూసుకున్నందుకు మార్కు పడిపోతుంది, జాగ్రత్త.

ప్రశ్న: ఎద దశ చూడకుండా పరీక్ష చేయొచ్చా? స్మియర్ (యోని కణాల నమూనా) తీస్తుంటే మా ఎలుకలు రెండు వారాలుగా ఒకే దశలో ఆగిపోయాయి.
— పరిశోధక విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: చూడకుండా చేస్తే నొప్పి ఎక్కువగా ఉండే ఎద ముందు దశలో కొన్ని ఎలుకలు, తక్కువగా ఉండే దశలో కొన్ని పడి, మందు ప్రభావం కలగాపులగమవుతుంది. స్మియర్ రోజూ ఒకే సమయంలో తీయాలి. డ్రాపర్‌తో గోరువెచ్చని సెలైన్ కొద్దిగా యోని ముఖద్వారంలోనే వదిలి, వెనక్కి పీల్చి, స్లైడ్ మీద వేయాలి. కేంద్రకం ఉన్న గుండ్రని కణాలైతే ఎద ముందు దశ. రేకుల్లాంటి, కేంద్రకం లేని కణాలైతే ఎద. తెల్ల రక్తకణాలే నిండి ఉంటే ఎద లేని దశ. అన్నీ కలిసి ఉంటే మధ్య దశ.

ఆగిపోవడానికి మొదటి అనుమానం డ్రాపర్ లోతుగా దూర్చడం. గర్భాశయ ముఖద్వారానికి తగిలితే ఎలుక శరీరం జతకట్టిందనుకుని దొంగ గర్భం ధరిస్తుంది. అప్పుడు 12 నుంచి 14 రోజులు తెల్ల రక్తకణాలే కనపడతాయి. మీ రెండు వారాల లెక్క దానికే సరిపోతోంది. అలా కాక రేకుల కణాలే రోజూ కనపడుతుంటే దీపాలు చూడండి. రాత్రి కూడా ట్యూబ్‌లైట్ వెలుగుతూ ఉంటే ఎలుకలు ఎదలోనే నిలిచిపోతాయి. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి టైమర్‌తో పెట్టండి, కరెంటు పోయి వచ్చాక టైమర్ గంట సరిచూడండి. చిట్టెలుకలైతే ఆడవాటిని గుంపుగా ఉంచినా చక్రం మందగిస్తుంది. మగ చిట్టెలుక బోనులోని మురికి పొట్టు గుప్పెడు వేస్తే మూడో రోజుకు చాలావరకు ఎదకు వస్తాయి.

ఇంకో రెండు సంగతులు ఎవరూ పట్టించుకోరు. దాణాలో సోయా ఎక్కువైతే అందులోని మొక్కల ఎస్ట్రోజన్ ఫలితాలను మార్చవచ్చు. ప్రయోగం మొత్తానికి ఒకే బ్యాచ్ దాణా కొనండి. గది ఉష్ణోగ్రత 22 డిగ్రీల దగ్గర ఉంచాలి. మే నెలలో జనరేటర్ లేకుండా పాలమూరులో అది సాధ్యం కాదు. వసతి లేకపోతే ప్రయోగాన్ని వర్షాకాలం తర్వాతికి జరపండి. అండాశయాలు తీసి ఎస్ట్రడయాల్ ఇస్తే చక్రం గొడవే ఉండదు, నిజమే. కానీ అండాశయం ద్వారా పనిచేసే మందులను ఆ ఎలుకలో పరీక్షించలేరు.

ప్రశ్న: మనిషి నొప్పి తగ్గించడానికి నోరులేని జీవికి కావాలని నొప్పి తెప్పించడం న్యాయమా? అడిగేవారే లేరా?
— పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: అడిగేవారు ఉన్నారు, ఇంకా గట్టిగా అడగాలి కూడా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నిబంధనల ప్రకారం ప్రయోగం చేసే సంస్థ జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ దగ్గర నమోదు కావాలి. ప్రతి ప్రాజెక్టుకు సంస్థలోని జంతు నైతిక కమిటీ ముందే అనుమతి ఇవ్వాలి. అందులో పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, శాస్త్రంతో సంబంధం లేని పౌర సభ్యుడు, కేంద్ర కమిటీ ప్రతినిధి ఉంటారు. ఎన్ని ఎలుకలు, ఎందుకు అన్ని, ఏ మత్తు, ఏ దశలో ఆపేస్తారు అన్నవి రాయాల్సిందే. ఆపరేషన్ తర్వాత బ్యుప్రినార్ఫిన్ వంటి నొప్పి మందు ఇవ్వాలి. పరీక్ష చెడిపోతుందని దాన్ని ఎగ్గొట్టడం మాకు సమ్మతం కాదు. గాయం నొప్పి తగ్గాక వారాల తర్వాతే అసలు కొలతలు మొదలవుతాయి కాబట్టి చెడిపోయేదీ లేదు. బరువు ఐదో వంతు తగ్గినా, తిండి మానేసి వీపు గూనిగా పెట్టి కూర్చున్నా ఆ ఎలుకను బాధ లేకుండా ముగించాలి.

జంతువులు లేకుండా చేయగలిగింది పెరుగుతోంది. స్త్రీల కణజాలం నుంచి పెంచే చిన్న కణగుచ్ఛాల్లో మందుల తొలి వడపోత చేయవచ్చు. 2023లో కేంద్రం కొత్త మందుల నిబంధనలు సవరించి జంతువులు లేని పద్ధతులకు చోటిచ్చింది. అయితే కణగుచ్ఛానికి వెన్నుపాము, మెదడు లేవు. గడ్డ నుంచి మెదడు దాకా నొప్పి ఎలా మారుతుందన్న ప్రశ్నకు ఇప్పటికి జంతువు తప్పడం లేదు. మా మాట ఒకటే. నొప్పిని కొలవకుండా గడ్డలు మాత్రమే కొలిచి, నొప్పి పరిశోధన అని పేరు పెట్టే ప్రయోగానికి ఏ నైతిక కమిటీ అనుమతి ఇవ్వకూడదు. జంతువు పడ్డ బాధకు అక్కడ ఫలితం లేదు.

ప్రశ్న: ఎలుకల మీద పనిచేసిందన్న వార్తలు ఏటా చూస్తాం. మా మందుల షాపుకు కొత్త మందు ఒక్కటీ రాదేం?
— మెడికల్ షాపు యజమాని, మిర్యాలగూడ

జవాబు: ఎముకల బలానికి వాడే రాలోక్సిఫెన్ మీకు తెలిసిన మందే. అది జంతువుల్లో గడ్డలను కుదించింది. అమెరికాలో ఆపరేషన్ అయిన స్త్రీలకు ఇచ్చి చూస్తే ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే త్వరగా నొప్పి తిరిగొచ్చింది. ట్రయల్‌ను మధ్యలోనే ఆపారు, 2008లో ఫలితాలు ప్రచురించారు. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ సంగతీ అంతే. ఆ తరహా మందులు బబూన్లలో గడ్డలను తగ్గించాయి, లోతైన ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీల నొప్పిని తగ్గించలేదు. రెండు చోట్లా జంతువులో చూసింది గడ్డను, స్త్రీలు అడిగింది నొప్పిని.

ఇంకో కారణం కాలం. ఎలుకకు జబ్బు వయసు ఎనిమిది వారాలు. స్త్రీకి నిర్ధారణ అయ్యేసరికే ఏళ్లు గడిచిపోతాయి, అప్పటికి నరాల వ్యవస్థ మారిపోయి ఉంటుంది. గడ్డలు కుట్టిన రోజే మందు మొదలుపెట్టే ప్రయోగాలు జబ్బు రాకుండా ఆపడాన్ని చూపిస్తాయి తప్ప, ఉన్న నొప్పిని తగ్గించడాన్ని కాదు. గడ్డలు ముదిరాకే మందు మొదలుపెట్టాలి.

2018లో అమెరికా ఎలగోలిక్స్ అనే మందుకు, 2022లో రెలుగోలిక్స్ మిశ్రమానికి ఈ నొప్పికి అనుమతి ఇచ్చింది. ఇవి హార్మోన్ల శాస్త్రం నుంచి వచ్చినవి, నొప్పి నమూనాల నుంచి కాదు. ఆశపెట్టుకోదగ్గ దారి వేరే ఉంది. ఎండోమెట్రియోసిస్ ఎక్కువగా ఉన్న కుటుంబాల్లోనూ రీసస్ కోతుల్లోనూ ఎన్‌పీఎస్ఆర్1 అనే జన్యువులో తేడాలు కనిపించాయని 2021లో ప్రచురించారు. ఆ జన్యువు తయారుచేసే గ్రాహకాన్ని (కణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్) అడ్డుకునే పదార్థం చిట్టెలుకల్లో వాపునూ పొట్ట నొప్పినీ తగ్గించింది. మనుషులతో మొదలై కోతి, చిట్టెలుక దాకా వచ్చిన ఇలాంటి వరుసకు విలువ ఎక్కువ.

ప్రశ్న: ఒక కషాయం పొడి డబ్బా మీద 'ఎలుకలపై నిరూపితం' అని ఉంది. గర్భసంచి గడ్డలకు వాడొచ్చా?
— పాఠకురాలు, గద్వాల

జవాబు: వాడే ముందు అమ్మేవారిని మూడు అడగండి. ఎలుకలో కొలిచింది గడ్డనా, నొప్పినా? గడ్డలు వచ్చాక మందు ఇచ్చారా, ముందే ఇచ్చారా? ఎలుకకు ఇచ్చిన డోసు ఎంత? డోసు లెక్క మీరే వేసుకోవచ్చు. ఎలుకకు కిలో బరువుకు ఇచ్చిన మోతాదును 6.2తోనూ, చిట్టెలుకదైతే 12.3తోనూ భాగిస్తే మనిషికి కిలోకు పోల్చదగ్గ మోతాదు వస్తుంది. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చి ఉంటే మనిషికి కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు. 60 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 3.9 గ్రాముల సారం. చెంచా పొడిలో అంత సారం ఉండదు. పైగా అంత సారం నెలల తరబడి తాగితే కాలేయానికి ఏమవుతుందో ఎనిమిది వారాల ఎలుక ప్రయోగం చెప్పదు. డాక్టర్ రాసిన హార్మోన్ మాత్ర ఆపేసి ఇది మొదలుపెట్టొద్దు. ఇప్పటికే తాగుతుంటే డబ్బా తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా అదే రోజు ఆపేసి కాలేయ పరీక్ష చేయించుకోండి.